రాజుగారి ‘చూద్దాం’

1947 జులై 18. లండన్‌లో ప్రభువుల సభ. రాజు ఆరో జార్జ్ అక్కడ లేరు. ఆయన తరఫున కమిషనర్లు కూర్చున్నారు. ఒక అధికారి బిల్లు పేరు చదివాడు. ఇంకో అధికారి ‘లె ర్వా లె వూ’ అన్నాడు. రాజుగారికి సమ్మతమే అని దానర్థం. ఆ మాటతో భారత స్వాతంత్ర్య బిల్లు చట్టమైంది. జులై 4న పార్లమెంటులో పెట్టిన బిల్లు 15న కామన్స్ సభ దాటింది, 16న ప్రభువుల సభ దాటింది, 18కల్లా రాజామోదం కూడా అయిపోయింది. ఆగస్టు 15 అర్ధరాత్రి గురించి మనవాళ్లకు తెలియనిది లేదు గానీ, ఆ అర్ధరాత్రికి చట్టబలం ఇచ్చిన ఈ పగటిపూట తంతును తలుచుకునేవాళ్లు తక్కువ. ఇంగ్లీషువాళ్ల పాలనకు ముగింపు పలికిన మాట ఇంగ్లీషులో లేకపోవడం మరో తమాషా. అది నార్మన్ ఫ్రెంచి. 1066లో ఇంగ్లండును గెలిచిన నార్మన్ రాజులతో వచ్చిన భాష. ఇప్పుడు ఎవరి ఇంట్లోనూ ఎవరూ మాట్లాడరు. మన పెళ్లిలో మంత్రంలా అక్కడ ఇంకా బతికే ఉంది.

ఈ మంత్రాల్లో రకాలున్నాయి. మామూలు బిల్లుకు పై నాలుగు మాటలే. పన్నులూ ఖర్చులకు సంబంధించిన బిల్లయితే మాట కాస్త సాగుతుంది: రాజుగారు తన మంచి ప్రజలకు కృతజ్ఞతలు చెప్పి, వారిచ్చింది పుచ్చుకుని, సరే అంటారు. డబ్బు ఇచ్చేవాళ్లకు నాలుగు మంచి మాటలు ఎక్కువ చెప్పడం ఏ కాలంలోనైనా ఉన్నదే. ఒక వ్యక్తికి సంబంధించిన ప్రైవేటు బిల్లయితే ‘కోరినట్టే జరుగుగాక’ అంటారు.

నాలుగోది కూడా ఉంది. రాజుకు బిల్లు ఇష్టం లేకపోతే పలికే మాట. ‘లె ర్వా సావీజెరా’. అంటే ‘కుదరదు’ అని కాదు, ‘రాజుగారు ఆలోచిస్తారు’ అని. ఆఫీసులో అర్జీ పెట్టుకున్న తెలుగువాడికి దీని అర్థం విడమరచి చెప్పనక్కర్లేదు. ‘సరే, చూద్దాం లెండి’ అని అధికారి అన్నాడంటే పని కాదని తెలిసిపోతుంది. మొహం మీద కాదనకుండా కాదనే ఈ విద్యను ఇంగ్లండు రాజులు చట్టసభ లాంఛనంగానే మార్చేశారు.

ఈ ‘చూద్దాం’ అక్కడ చివరిసారి వినబడింది 1708 మార్చి 11న. మూడు వందల ఏళ్లు దాటిపోయింది. నోరు విప్పి ఎవరూ దాన్ని రద్దు చేయలేదు, ఏ చట్టమూ నిషేధించలేదు. వాడకం పోయిందంతే. అది ఎలా పోయింది, పోయినట్టు కనబడి ఇంకెక్కడ నక్కింది అన్నదే ఇక్కడి అసలు విషయం.

ముందు తంతు సంగతి. బిల్లు రెండు సభల్లోనూ ఒకే రూపంలో గట్టెక్కాక రాజు దగ్గరికి వెళ్తుంది అంటాం గానీ, నిజానికి బిల్లు వెళ్లదు. రాజు సంతకం చేసేది ‘లెటర్స్ పేటెంట్’ అనే రాజపత్రం మీద. ఏయే బిల్లులకు సమ్మతిస్తున్నారో వాటి పేర్లు అందులో ఉంటాయి. బిల్లు లోపల ఏముందో రాజు చదవాలన్న నియమం లేదు. ఆ పత్రం తిరిగొచ్చాక రెండు సభల్లోనూ స్పీకర్లు ఒక్క వాక్యంలో ప్రకటిస్తారు. రెండో సభలో కూడా ప్రకటన అయిన క్షణాన బిల్లు చట్టమవుతుంది. అసలు చర్చ మధ్యలో ఆపి, నిమిషంలో ముగించి, మళ్లీ చర్చలో పడతారు. 1967లో చేసిన రాజామోద చట్టం వల్ల ఇంత సులువైంది. అంతకుముందు ప్రతిసారీ బ్లాక్ రాడ్ అనే అధికారి కామన్స్ సభకు నడిచివచ్చి, అక్కడ ఎంత వేడి చర్చ నడుస్తున్నా ఆపించి, సభ్యులను ప్రభువుల సభకు వెంటబెట్టుకుని వెళ్లాల్సి వచ్చేది.

పాత పద్ధతి పూర్తిగా పోలేదు. సమావేశాలు ముగించే రోజున, అంటే ప్రొరోగ్ చేసే రోజున, ఇప్పటికీ అలాగే జరుగుతుంది. ఎర్ర అంగీల్లో కమిషనర్లు సింహాసనం ముందు బెంచీ మీద కూర్చుంటారు. కామన్స్ సభ్యులు వచ్చి గడప లాంటి అడ్డకమ్మీ దగ్గరే నిలబడతారు, లోపలికి రారు. ఒక క్లర్క్ బిల్లు పేరు చదువుతాడు. పార్లమెంటు క్లర్క్ (పేరుకు క్లర్కే గానీ మన రాజ్యసభ సెక్రటరీ జనరల్ స్థాయి) కామన్స్ సభ్యుల వైపు తిరిగి ఆ ఫ్రెంచి ముక్క పలుకుతాడు. మళ్లీ ఇంకో బిల్లు పేరు, మళ్లీ అదే ముక్క. పది బిల్లులుంటే పదిసార్లు. రాజు స్వయంగా వచ్చి సమ్మతి చెప్పడం 1854 ఆగస్టు 12తో ఆగిపోయింది. ఆ రోజు వచ్చింది విక్టోరియా రాణి.

రాజు రాకుండా కమిషనర్లను పంపే అలవాటు వెనక ఒక నెత్తుటి కథ ఉంది. ఎనిమిదో హెన్రీ ఐదో భార్య కేథరిన్ హోవర్డ్ మీద వ్యభిచార ఆరోపణ వచ్చింది. విచారణ జరిపి శిక్ష వేయడానికి బదులు, ఆమె దోషి అని ప్రకటించే బిల్లునే పార్లమెంటు చేసింది. అప్పటి పద్ధతిలో రాజు స్వయంగా సభకొచ్చి సమ్మతి చెప్పాలి. భార్య బాగోతం రాజు చెవిన మళ్లీ పడితే గాయం రేగుతుందన్న సాకుతో, రాజు తరఫున కమిషనర్లు సమ్మతి చెబితే చాలని అందులోనే రాశారు. 1542 ఫిబ్రవరి 13న ఆమె తల తీశారు. పుస్తకాల్లో ఆ చట్టం 1541 పేరుతో కనబడుతుంది. అప్పట్లో ఇంగ్లండుకు కొత్త ఏడాది మార్చి 25న మొదలయ్యేది మరి. ఒక మొగుడి మొహమాటం కోసం పుట్టిన ఏర్పాటు నాలుగు శతాబ్దాల తరువాత భారత స్వాతంత్ర్య చట్టానికి పనికొచ్చింది.

ఇక 1708 సంగతి. ఇంగ్లండు, స్కాట్లండు ఒక్కటై ఏడాది కూడా కాలేదు. స్కాట్లండులో స్థానిక సైనిక దళాలకు ఆయుధాలివ్వాలని పార్లమెంటు బిల్లు చేసింది. సరిగ్గా ఆ సమయంలోనే, గద్దె పోగొట్టుకున్న రెండో జేమ్స్ కొడుకు జేమ్స్‌ను ఎక్కించుకుని ఫ్రెంచి నౌకలు స్కాట్లండు వైపు బయల్దేరాయన్న వార్త వచ్చింది. మనం ఇచ్చిన తుపాకులు రేపు మన మీదికే తిరిగితే? ఆన్ రాణి ‘ఆలోచిస్తారు’ అనిపించింది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఆ కాదనడం ఆమె సొంత పంతం కాదు, మంత్రులే వద్దన్నారు. అంటే చివరి తిరస్కారం కూడా మంత్రుల సలహా మీదే జరిగింది. ఆ దారిలోనే రాజు సొంత ‘చూద్దాం’ కాలం చెల్లిపోయింది. కామన్స్‌లో మెజారిటీ ఉన్నవాళ్లే మంత్రులైనప్పుడు, తాము గెలిపించిన బిల్లును కాదనమని వాళ్లు రాజుకు ఎందుకు చెబుతారు?

అంతకుముందు పరిస్థితి వేరు. మొదటి చార్లెస్ కాలంలో ఈ సమ్మతి మీదే ప్రాణాలు పోయాయి. 1641లో తనకు ఇష్టమైన మంత్రి స్ట్రాఫర్డ్‌కు మరణశిక్ష వేసే బిల్లుకు ఒత్తిడికి లొంగి సమ్మతించాడు. జీవితాంతం దానికి కుమిలాడు. మరుసటి ఏడు సైన్యం మీద అధికారాన్ని పార్లమెంటుకు ఇచ్చే బిల్లుకు మాత్రం ససేమిరా అన్నాడు. పార్లమెంటు అప్పుడేం చేసిందంటే, రాజు సమ్మతి లేకుండానే అదే పాఠాన్ని ‘ఆర్డినెన్స్’ అని పేరు మార్చి అమలు చేసేసింది. కొన్ని నెలల్లో అంతర్యుద్ధం. 1649లో రాజు తల తెగింది. అంత నెత్తురు పారిన చోట ఇప్పుడు నిమిషం ప్రకటన.

మరి అంత లాంఛనమే అయితే ఎందుకు ఉంచుకున్నారు? ఆచారం మీద మోజు అని కొట్టిపారేయడం తేలిక. నిజానికి రాజామోదం ఇప్పుడు చేసే పని గడియారం పని. చట్టం ఎప్పుడు పుట్టిందో చెప్పే ముహూర్తం అది. 1793కు ముందు ఇంగ్లండులో ఒక వింత ఉండేది. చట్టానికి సమ్మతి ఏ రోజు వచ్చినా, వేరే తేదీ రాయకపోతే ఆ సమావేశాల మొదటి రోజు నుంచే అమల్లో ఉన్నట్టు లెక్క. జనవరిలో చేసిన పని మే నెలలో వచ్చిన చట్టంతో జనవరిలోనే నేరమైపోయేది. 1793లో దీన్ని సరిదిద్దారు. సమ్మతి వచ్చిన తేదీని క్లర్క్ చట్టం మీదే రాయాలని, మరోలా చెప్పకపోతే ఆ తేదీ నుంచే అమలని తేల్చారు. పుట్టిన తేదీ ఒకటి, అమలు తేదీ ఒకటి ఉండొచ్చు. ఆ తేడా తెలుగువాళ్లకు బాగా అనుభవం. ఆంధ్రప్రదేశ్ పునర్‌వ్యవస్థీకరణ బిల్లు 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ, 20న రాజ్యసభ దాటింది. మార్చి 1న రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ ఆమోదముద్ర వేశారు. చట్టమైంది ఆ రోజే, రాష్ట్రం రెండయింది మాత్రం ‘అపాయింటెడ్ డే’ జూన్ 2న.

ముహూర్తం బలం తెలియాలంటే 1936 డిసెంబరు 11 చూడాలి. ఎనిమిదో ఎడ్వర్డ్ గద్దె దిగుతానని ముందురోజే పత్రం మీద సంతకం చేశాడు. కానీ సంతకంతో రాజరికం పోలేదు. పార్లమెంటు బిల్లు చేసింది. ‘ఈ చట్టానికి రాజామోదం తెలిపిన తక్షణమే’ రాజు రాజు కాకుండా పోతాడని అందులో రాశారు. అంటే ఎడ్వర్డ్ రాజుగా చేసిన ఆఖరి పని, తాను ఇక రాజును కానన్న చట్టానికి సమ్మతి చెప్పడం. ఆ మాట పలికేదాకా అతను రాజు. పలికాక తమ్ముడు రాజు.

ఇంతకన్నా విడ్డూరం 1811లో జరిగింది. మూడో జార్జ్‌కు మతి చలించింది. కొడుకును రీజెంటుగా, అంటే రాజు బదులు పాలించేవాడిగా, పెట్టాలంటే చట్టం కావాలి, చట్టానికి రాజు సమ్మతి కావాలి, రాజేమో సంతకం చేసే స్థితిలో లేడు. చివరికి పార్లమెంటు ఆదేశంతోనే రాజముద్ర వేసిన పత్రం తయారుచేసి, ఫిబ్రవరి 5న రాజు పేరుతో సమ్మతి ప్రకటించారు. తనకు బుద్ధి స్థిమితం లేదన్న చట్టానికి ఆ రాజే బుద్ధిపూర్వకంగా ఒప్పుకున్నట్టు లెక్క. న్యాయంగా చూస్తే ఇది బొంకే. కానీ ఆ బొంకు లేకపోతే రాజ్యం నడవదు. రాజు మనసు కన్నా రాజు ముద్ర ముఖ్యమని తేలిపోయింది అప్పుడే.

ముద్ర సరిగ్గా పడకపోతే? 2019 సెప్టెంబరులో బోరిస్ జాన్సన్ ప్రభుత్వం పార్లమెంటును ప్రొరోగ్ చేయించింది. ఆ రాత్రి తంతులోనే, శిథిలమవుతున్న పార్లమెంటు భవనం మరమ్మతుల బిల్లుకు రాజామోదం ప్రకటించారు. సెప్టెంబరు 24న సుప్రీంకోర్టులో పదకొండు మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ ప్రొరోగేషన్ చెల్లదన్నారు. కమిషనర్లు తెల్లకాగితం పట్టుకుని సభలోకి వచ్చినట్టే అన్నారు కోర్టు అధ్యక్షురాలు లేడీ హేల్. తంతే జరగనట్టయితే అందులో పలికిన సమ్మతి మాటేమిటి? అదీ పోయింది. మరమ్మతుల బిల్లుకు అక్టోబరు 8న మళ్లీ సమ్మతి తెలపాల్సి వచ్చింది. ఎవరూ వ్యతిరేకించని బిల్లుకు రెండు ముహూర్తాలు.

ఇంతవరకు చూస్తే రాజు ‘చూద్దాం’ చచ్చిపోయినట్టే. కానీ పెరటి గుమ్మం ఒకటుంది. రాజామోదం వేరు, ‘రాజు అనుమతి’ వేరు. ఆ రెండూ ఒకటేననుకునేవాళ్లు అక్కడే బోలెడుమంది. రాజు ప్రత్యేకాధికారాలను గానీ, రాజకుటుంబపు ఆస్తులను గానీ తాకే బిల్లయితే, సభలో చివరి దశ దాటకముందే రాజు అనుమతి తెచ్చుకోవాలి. చట్టం కాదిది, పార్లమెంటు ఆనవాయితీ. 1999లో టామ్ డాలియెల్ అనే లేబర్ ఎంపీ, ఇరాక్ మీద సైనిక దాడికి పార్లమెంటు ఆమోదం తప్పనిసరి చేస్తూ ప్రైవేటు మెంబర్ బిల్లు (ప్రభుత్వం తరఫున కాకుండా ఎంపీ సొంతంగా తెచ్చేది) పెట్టాడు. దానికి రాణి అనుమతి రాలేదు. మంత్రులు ఇవ్వొద్దని సలహా ఇచ్చారు. బిల్లు చర్చకు కూడా రాకుండా పోయింది. వెయ్యికి పైగా చట్టాలు ఎలిజబెత్ రాణి కాలంలో ఈ గుమ్మం దాటి వచ్చాయని 2021లో గార్డియన్ పత్రిక బయటపెట్టింది. చివరి గుమ్మం దగ్గర రాజు కాదంటే దేశం అట్టుడుకుతుంది. మొదటి గుమ్మం దగ్గర ఆపితే మూడో కంటికి తెలియదు. ఏది ప్రమాదకరమో వేరే చెప్పక్కర్లేదు.

స్కాట్లండులో కూడా అంతే. 2022 డిసెంబరులో అక్కడి పార్లమెంటు లింగ గుర్తింపు బిల్లును ఆమోదిస్తే, 2023 జనవరిలో లండన్ ప్రభుత్వం 1998 నాటి స్కాట్లండు చట్టంలోని 35వ సెక్షన్ వాడి, బిల్లును రాజు దాకా వెళ్లకుండానే ఆపేసింది. రాజు ‘కాదు’ అనలేదు. అడగనిస్తేగా అనడానికి.

పక్కనున్న బెల్జియంలో రాజు నిజంగానే కాదన్నాడు. 1990లో గర్భస్రావాన్ని అనుమతించే బిల్లు మీద సంతకం పెట్టడానికి రాజు బొదువాన్ మనస్సాక్షి ఒప్పుకోలేదు. ప్రధాని, మంత్రులు తెలివైన దారి వెతికారు. ఏప్రిల్ 4న రాజు పాలించే స్థితిలో లేరని ప్రకటించి, ఆయన అధికారాలు తాము తీసుకుని సంతకం చేశారు. మర్నాడు పార్లమెంటు ఆయన్ను మళ్లీ గద్దె మీద కూర్చోబెట్టింది. లక్సెంబర్గ్ ఇంత మర్యాద పాటించలేదు. 2008లో కారుణ్య మరణం బిల్లుకు సమ్మతించనన్నాడు గ్రాండ్ డ్యూక్ హెన్రీ. మరుసటి ఏడాదే రాజ్యాంగం మార్చి, చట్టాలను ‘సమ్మతించే’ అధికారం పీకేసి ‘ప్రకటించే’ పని ఒక్కటే మిగిల్చారు.

ఈ లాంఛనం మన దగ్గరికి సముద్రం దాటి వచ్చింది, కానీ మన దగ్గర లాంఛనంగా మిగల్లేదు. ఆంధ్ర జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న రోజుల్లో, 1935 చట్టం ప్రకారం మద్రాసు శాసనసభ చేసిన బిల్లు గవర్నర్ దగ్గరికి వెళ్లేది. ఆయన రాజు పేరుతో సమ్మతించవచ్చు, ఆపవచ్చు, గవర్నర్ జనరల్‌కు పంపవచ్చు. గవర్నర్ జనరల్ దాన్ని రాజుకు పంపవచ్చు. అన్నీ అయి చట్టమయ్యాక కూడా పన్నెండు నెలల్లోపు లండన్ నుంచి రద్దు రావచ్చు. లండన్‌లో రాజుకు లేకుండా పోయిన ‘చూద్దాం’ అంతా వలసలకు ఎగుమతి అయిందన్నమాట. ఆ లండన్ దాకా సాగే భాగాన్ని 1947 స్వాతంత్ర్య చట్టం ఒక్క వేటుతో నరికేసింది. మిగతా నిచ్చెన మాత్రం రాజ్యాంగం 200, 201 అధికరణాల్లో నిలబడే ఉంది. గవర్నర్ జనరల్ ఉన్న మెట్టు మీద ఇప్పుడు రాష్ట్రపతి.

లండన్‌లో రాజుకు సలహా ఇచ్చేది, బిల్లు నెగ్గించేది ఒకే మంత్రివర్గం. మన రాష్ట్రంలో బిల్లు నెగ్గించేది రాష్ట్ర ప్రభుత్వం, గవర్నర్‌ను వేసేది కేంద్రం. ఇద్దరి మధ్య పొసగనప్పుడు పాత ఫ్రెంచి మాట తెలుగులో, తమిళంలో, పంజాబీలో మళ్లీ వినబడుతుంది. 2023 మార్చిలో పది బిల్లులు గవర్నర్ దగ్గర పెండింగ్‌లో ఉన్నాయంటూ తెలంగాణ ప్రభుత్వం సుప్రీంకోర్టుకు వెళ్లింది. ఏప్రిల్ 24న విచారణ ముగిస్తూ కోర్టు, 200వ అధికరణంలోని ‘వీలైనంత త్వరగా’ అన్న మాట ఊరికే రాసింది కాదని గుర్తుచేసింది.

ఆమోదం రాకపోతే ఏమవుతుందో ఆంధ్రప్రదేశ్‌లో ‘దిశ’ చూపిస్తుంది. 2019 డిసెంబరులో అసెంబ్లీ దిశ బిల్లులు ఆమోదించింది. దిశ పేరుతో పోలీస్ స్టేషన్లు వెలిశాయి, ఫోన్లలోకి యాప్ వచ్చింది, ఊళ్లలో జనం ‘దిశ చట్టం’ అనే అన్నారు. రాష్ట్రపతి ఆమోదం మాత్రం రాలేదు. జనం నోట చట్టం, గెజిట్లో బిల్లు. మన దగ్గర ఎవరూ ‘ఆలోచిస్తారు’ అని సభకొచ్చి చెప్పరు. ఫైలు కదలదంతే. 1986 నాటి తపాలా సవరణ బిల్లు మీద రాష్ట్రపతి జైల్ సింగ్ సంతకం పెట్టనూ లేదు, తిప్పి పంపనూ లేదు. ‘పాకెట్ వీటో’ అనే మాట అప్పటినుంచే మన పోటీ పరీక్షల పుస్తకాల్లోకి ఎక్కింది.

గవర్నర్ బిల్లులు ఆపడం మీద తమిళనాడు వేసిన కేసులో 2025 ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం గడువులు పెట్టింది, పది బిల్లులకు ఆమోదం లభించినట్టే అనుకోవాలంది. రాష్ట్రపతి ద్రౌపది ముర్ము 14 ప్రశ్నలతో కోర్టు అభిప్రాయం అడిగారు. నవంబరు 20న ఐదుగురు న్యాయమూర్తులు, గడువులు పెట్టడం కోర్టు పని కాదని, ‘ఆమోదం లభించినట్టే’ అనేది రాజ్యాంగంలో లేదని చెప్పారు. కారణం లేకుండా ఏళ్లతరబడి తొక్కిపెడితే మాత్రం, ఏదో ఒకటి తేల్చమని కోర్టు అడగవచ్చన్నారు.

గడువు ఆలోచన కొత్తదేమీ కాదు. రాష్ట్రపతి బిల్లు తిప్పి పంపాలనుకుంటే ఆరు వారాలు మించకూడదని రాజ్యాంగం ముసాయిదాలో ఉండేది. 1949లో రాజ్యాంగ సభలో అంబేడ్కరే సవరణ తెచ్చి ఆ ఆరు వారాలు తీయించి ‘వీలైనంత త్వరగా’ అని పెట్టించారు. అంత వదులుగా ఉంటే ఎలాగని హెచ్.వి. కామత్ అభ్యంతరం చెప్పారు. సవరణ నెగ్గింది. ఆ మాటే 111వ అధికరణంలో, 200వ అధికరణంలో ఇవాళ్టికీ ఉంది.